గౌరీసు కలిపిన మాట

పార్వతీపురం చుట్టుపక్కల సంతల్లో మైకు పెట్టి సరుకులమ్మే గౌరీసుకి, ఉన్న మాట మీద ఇంకో మాట కలపందే నోరు ఊరుకునేది కాదు.

దువ్వెనలు అమ్మితే, "ఏనుగు తొక్కినా ఇరగదు!" అనేవాడు. ఎలకల మందు అమ్మితే, "ఇది తిన్న ఎలక ఇంట్లో సావదు. మర్యాదగా ఊరి బయటికెళ్ళి మరీ సస్తాది!" అనేవాడు. జనం నవ్వేవాళ్ళు, నవ్వుతూనే కొనేవాళ్ళు.

వాడి పక్కనే గోనెపట్టా పరుచుకుని, వాడు అక్క వరసతో 'అప్పా' అని పిలిచే ఎరకమ్మ ఆకుకూరలు అమ్మేది. ఒకసారి ఆమె అంది, "తమ్ముడా, మా ఇంటి ఎలక దారి తప్పినట్టుంది. బియ్యం డబ్బా ఎనకాలే సచ్చింది. ముక్కు మూసుకుని అన్నం తిన్నాం."

"దానికి మర్యాద తెల్దప్పా, నానేటి సేస్తాను?" అన్నాడు గౌరీసు.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎలక సంగతిలో అబద్ధమాడితే ఎవరికీ పెద్దగా పోయేదేం లేదు.

వానలు మొదలవబోతుండగా ఒక సంస్థవాళ్ళు గౌరీసుని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళు లాభాల కోసం అమ్మేవాళ్ళు కాదు. పల్లెల్లో విరేచనాలతో పిల్లలు చచ్చిపోకుండా, నీళ్ళల్లో కలిపి తాగించే ఒక పొడి చేయించారు. దానికి 'ఊట' అని పేరు పెట్టి, నీలం రంగు ప్యాకెట్లో పోసి, టీ ఖరీదుకే అమ్మిస్తున్నారు. ఆ పని చూసే ఆవిడ పేరు సుభాషిణి.

"ఊరికే పంచితే తీసుకెళ్ళి ఏ మూలో పడేస్తున్నారు. కొనుక్కున్నదైతే దాచుకుని వాడతారు. అందుకే అమ్మాలి, నీలాంటి నోరున్నవాడే అమ్మాలి" అంది ఆవిడ.

గౌరీసు ఛాతీ పొంగింది.

"కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. ఇది విరేచనాలు ఆపే మందు కాదు. పిల్లలు చచ్చిపోయేది ఒంట్లో నీళ్ళు పోయి, ఎండిపోయి. విరేచనం తగ్గేదాకా, పోయిన నీళ్ళూ ఉప్పూ తిరిగి ఒంట్లోకి చేర్చడమే దీని పని. నీళ్ళు కాచి చల్లార్చి, ఒక లీటరులో ఒక ప్యాకెట్ కలిపి, కొంచెం కొంచెంగా పడుతూనే ఉండాలి. ఇంతే చెప్పు."

"అలాగే మేడంగారూ" అన్నాడు గౌరీసు. లోపల మాత్రం, 'ఆపదని చెప్తే ఎవడు కొంటాడు? ఈవిడ సంతలో ఎప్పుడూ సరుకమ్మినట్టు లేదు' అనుకున్నాడు.

ఆ వారం సంతలో మైకు మోగింది. "రండప్పా, రండి! ఊట పొడి! ఒక్క గ్లాసు తాగించండి. ఎంత విరేచనమైనా టక్కున ఆగిపోతాది!"

జనం ఎగబడి కొన్నారు. ఎరకమ్మ కూడా తీసుకుంది. ఆమెకి రెండేళ్ళ కూతురుంది, పేరు సిరి.

"ఇదైనా నిజమేనా తమ్ముడా? ఎలక లెక్క కాదు కదా?"

"నీకు అబద్ధం సెప్తానా అప్పా! టక్కున!" అని చిటికేశాడు గౌరీసు.

తెచ్చిన ప్యాకెట్లన్నీ అయిపోయాయి. అంత సరుకు అంత తొందరగా ఎవరూ అమ్మలేదని సుభాషిణి మెచ్చుకుంది. ఎలా అమ్మావని ఆవిడ అడగలేదు, వాడూ చెప్పలేదు.

వానలు పడ్డాయి. పొలాల మీంచి పారిన బురదనీళ్ళు బావుల్లోకి దిగాయి. ఎరకమ్మ వాళ్ళ ఊళ్ళో ఇంటికొకరు విరేచనాలతో మంచం పట్టారు.

మరుసటి సంతకి ఎరకమ్మ రాలేదు. గౌరీసు మైకు పట్టుకుని, "టక్కున ఆగిపో..." అంటుండగానే ఒక ప్యాకెట్ వచ్చి వాడి మొహానికి తగిలింది. విసిరింది ఎరకమ్మ ఊరి మనిషే.

"ఏటాగిపోతాది? నీ నోరా? మా పిల్లలకి పొడి కలిపి పట్టాం. ఆగనేదు సరికదా, ఇంకా పోతన్నాది. అందరం పెంటలో పారేశాం, పో!"

గౌరీసు చెంప తడుముకుంటూ, "మరి ఇప్పుడేటి పడతన్నారు?" అన్నాడు.

"ఏటీ పట్టట్లేదు. నీల్లు పోస్తే నీల్లే పోతాది కదేటి? కడుపు మాడ్చేస్తే అదే ఆగుతాది. ఎరకమ్మ అయితే నిన్నట్నుంచి పిల్లకి సుక్క నీల్లు పట్టనేదు. అది కల్లు తేలేసి పడుంది."

పిల్లలు చచ్చిపోయేది ఎండిపోయి అన్న మేడం మాట గౌరీసు చెవిలో గంటలా మోగింది. మైకు అక్కడే వదిలేశాడు. నాలుగు ప్యాకెట్లు జేబులో కుక్కుకుని, బండి తీసి, బురదలో పడుతూ లేస్తూ ఎరకమ్మ ఇంటికి చేరాడు.

సిరి తల్లి ఒళ్ళో గుడ్డపేలికలా పడుంది. కళ్ళు లోపలికి పోయాయి. పెదాలు పగిలాయి. ఏడుస్తోంది, కళ్ళల్లో నీళ్ళు లేవు.

"అప్పా, నీల్లు పట్టు! పొడి కలుపు! తొందరగా!"

ఎరకమ్మ తల కూడా ఎత్తలేదు. గుమ్మంలో కూర్చున్న అత్త పారమ్మ లేచింది. "ఒరే, మల్లీ అమ్ముకోడానికొచ్చావా? ఒక గ్లాసు పట్టింది నా కోడలు. ఆగిందా? నువ్వే కదరా సిటికేసి మరీ సెప్పావు?"

"అది అబద్ధం పెద్దమ్మా" అన్నాడు గౌరీసు. "అది విరేచనం ఆపదు. ఆపదనే మేడం సెప్పింది. అమ్ముడుపోదని నానే కలిపాను. నీల్లు మాన్పిస్తే మాత్రం పిల్ల దక్కదు. ఇది నిజం."

"అప్పుడూ నిజమన్నావు, ఇప్పుడూ నిజమంటన్నావు. ఏది నిజమో మాకెలా తెలుస్తాది?"

గౌరీసు ఎన్ని సంతల్లో ఎంతమందిని మాటలతో గెలిచాడో. ఇప్పుడు చేతిలో ఉన్నది ప్రాణం నిలిపే మాట, వినేవాళ్ళు లేరు. వాడు నేల మీద కూలబడ్డాడు. ఎరకమ్మ కాళ్ళకి పొలం బురద ఇంకా అంటుకునే ఉంది.

"అప్పా, ఒక్కటే అడుగుతాను. నన్ను నమ్మొద్దు. నువ్వే సెప్పు. నారుమడి గట్టుకి ఎండ్రకాయ బొక్క పెట్టింది. నీల్లు కారిపోతన్నాయి. అప్పుడు మడికి నీల్లు కట్టడం మానేస్తావా?"

"మానేస్తే నారు ఎండిపోదా?" అంది ఎరకమ్మ విసుగ్గా. "బొక్క పూడేదాకా ఇటు నీల్లు పెడతానే ఉండాల..."

ఆమె ఒళ్ళో ఉన్న పిల్లని చూసింది. అత్తని చూసింది.

"ఒలమ్మా" అంది పారమ్మ నెమ్మదిగా. తనే వెళ్ళి, ఇంట్లో కాచి చల్లార్చి ఉంచిన నీళ్ళు లీటరు చెంబుతో తెచ్చింది.

గౌరీసు పొడి కలిపాడు. ఎరకమ్మ చెంచాతో పట్టింది. సిరి సగం కక్కేసింది. కాసేపాగి మళ్ళీ పట్టింది. ఈసారి గుటక పడింది. పిల్ల అప్పటికే బాగా వాడిపోయింది కాబట్టి గౌరీసు ఆగలేదు. తల్లినీ పిల్లనీ బండెక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. గతుకులొచ్చినప్పుడల్లా బండి ఆపాడు, ఎరకమ్మ ఇంకో చెంచా పట్టింది.

డాక్టరు సెలైన్ ఎక్కించి, "దారిలో పట్టబట్టి సరిపోయింది. ఇంకొంచెం ఎండిపోతే నా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు.

సాయంత్రానికి సిరి గట్టిగా ఏడ్చింది. ఈసారి బుగ్గల మీద కన్నీళ్ళు జారాయి. వాటిని చూసి ఎరకమ్మ కూడా ఏడ్చింది.

గౌరీసు అక్కడ నిలబడలేదు. తిరిగి ఎరకమ్మ ఊరికి పోయి, పిల్ల దక్కిందని పారమ్మకి చెప్పి, ఇల్లిల్లూ తిరిగి, "నాను అబద్ధం సెప్పాను, పిల్లలకి నీల్లు మానకండి" అని మొత్తుకున్నాడు. సగం తలుపులు మొహం మీదే పడ్డాయి. అప్పుడు పారమ్మ కర్ర పట్టుకుని బయటికొచ్చింది.

"వీడి మాట ఎవరూ ఇనక్కర్లేదర్రా! నా మాట ఇనండి. నా మనవరాలి నోట్లో నీల్లు పడ్డాకే కల్లు తెరిచింది. గట్టుకి బొక్క పడిందని మడి ఎండగట్టుకుంటారా, బుద్ధిలేని మొకాల్లారా!"

తలుపులు తెరుచుకున్నాయి.

గౌరీసు సుభాషిణి దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ, "ఎలా అమ్ముతున్నావో వచ్చి వినకపోవడం నా తప్పు. ఇక ప్రతి సంతకీ వస్తాను. నువ్వు అమ్ముతావా, మానేస్తావా?" అంది.

"అమ్ముతాను మేడంగారూ. ఈసారి ఉన్నదే సెప్పి అమ్ముతాను."

తర్వాతి సంతలో మైకు మోగింది. "ఊట పొడి! ఇది విరేచనాలు ఆపదు!"

సంతంతా గొల్లున నవ్వింది. "ఆపనిది మాకెందుకురా?" అని ఒకడు కేకేశాడు.

"అదే సెప్తాను, దగ్గరికి రా బావా!" అన్నాడు గౌరీసు. ఎండ్రకాయ బొక్క సంగతి చెప్పాడు. ఎలా కలపాలో చెప్పాడు. తగ్గేదాకా పడుతూనే ఉండాలన్నాడు. పిల్ల కళ్ళు లోపలికి పోతే పడుతూనే ఆసుపత్రికి పరుగెత్తమన్నాడు. ఒక్క మాట కలపలేదు. కలుపుతాడేమోనని పక్కనే పారమ్మ కర్రతో కూర్చుంది.

ఆ రోజు కొన్నవాళ్ళు కొద్దిమందే. కానీ కొన్నవాళ్ళెవరూ సగంలో మానలేదు, ఎందుకంటే వెంటనే ఆగిపోతుందని వాళ్ళకి ఎవరూ మాటివ్వలేదు. వాళ్ళ పిల్లలు కోలుకున్నారు. వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. ఆ వానాకాలం గడిచేసరికి గౌరీసు అడక్కుండానే జనం వచ్చి, "ఆ ఆపని పొడి ఇయ్యి" అని పట్టుకెళ్ళేవాళ్ళు.

మంచి వస్తువుకి అబద్ధాన్ని జోడిస్తే, ఆ అబద్ధం బయటపడ్డ రోజున మంచిని కూడా ఎవరూ నమ్మరు. అందుకే పదిమందికి మేలు చేయాలనుకునేవాడు ఉన్నమాటే చెప్పాలి.