నలగని దిమ్మలు

నొప్పి లేనివాడు మందెందుకు మింగాలి? మా సన్నాయి గురువు మీరావలి గారిని ఈ ప్రశ్న అడిగినవాడు ఆయన పెద్ద శిష్యుడు బాజీ. అడగడం కూడా ఎప్పుడనుకున్నారు? నరసింహస్వామి రథం కదలబోతుండగా, వీధినిండా జనం మధ్య! నేను పక్కనే డోలు బిగించుకుంటున్నాను.

బాజీకి నలభై తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న యాభై ఒకటో ఏట పెళ్ళిపందిట్లో వాయిస్తూ వాయిస్తూనే గుండె ఆగి ఒరిగిపోయాడు. బాజీకి ఇప్పటికే షుగరుంది, కొలెస్ట్రాల్ కూడా బాగా పెరిగింది. గుండెపోటు రాకముందే కాచుకోవాలని డాక్టరమ్మ రోజుకొక మాత్ర రాసిచ్చింది. మూడు నెలలైనా ఆ మాత్రల షీటు విప్పకుండా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు మహానుభావుడు!

"కొండెక్కమన్నా ఎక్కుతాను గురువుగారూ. కానీ ఇది మింగాక రేపు నాకేమీ కాకపోతే, అది మాత్ర వల్లేనని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

మీరావలి గారు వాదించే మనిషి కాదు. "ఇవాళ నువ్వు వాయించకు. సింగయ్య పక్కన నడువు" అని సన్నాయి అందుకున్నారు.

సింగయ్య రథం అదుపు తప్పకుండా చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టే మనిషి. మేళంవాళ్ళం రథానికి వీపు చూపించి ముందు నడుస్తాం. వెనక వచ్చే ఆ బరువును చూసుకునేది అతనే. గోవిందా అంటూ జనం మోకులు లాగారు. అబ్బ, ఏం ఊపనుకున్నారు! డోలు మీద నా చేతులు నిలిస్తేనా! కానీ రథం నాలుగడుగులు వేసిందో లేదో సింగయ్య దిమ్మ పెట్టేవాడు, తీసేవాడు, మళ్ళీ పెట్టేవాడు. "స్వామిని నడవనిస్తావా లేదా?" అని జనం కేకలేశారు. "ఇక్కడ పల్లమేదయ్యా?" అని బాజీ కూడా విసుక్కున్నాడు. సింగయ్య ఇంకో దిమ్మ అందుకున్నాడు.

బజారు మలుపు తిరిగాక వీధి కిందికి దిగుతుంది. అక్కడ రథం ఒక్కసారిగా తూలింది. వెనక మోకు పట్టినవాళ్ళ చేతులు జారాయి. జనం హాహాకారాలు! సింగయ్య దిమ్మ తోశాడు. అది కిర్రుమని నలిగింది. ఇంకొకటి తోశాడు. అదీ నలిగింది, కానీ రథం ఆగింది! గురువుగారి వీపుకు రెండు మూరల దూరంలో ఆగింది. ఆయన రాగం మాత్రం తెగలేదు.

పొద్దు వాలకముందే రథం గుడి చేరింది. సింగయ్య గోనెసంచి గుమ్మరించాడు. నలభై దిమ్మల్లో రెండు పిప్పయ్యాయి. మిగతావి పొద్దున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"మరి ఇవన్నీ ఊరికే పెట్టినట్టేనా?" అన్నాడు బాజీ.

సింగయ్య నవ్వాడు. "ఏ రెండు నలుగుతాయో పొద్దున్నే చెప్పండి బాజీగారూ, ఆ రెండే మోసుకొస్తా. నా నడుమైనా బతుకుతుంది."

బాజీ కిందికి వంగాడు. నలిగిన దిమ్మను చేతిలోకి తీసుకుని గురువుగారి వైపు చూశాడు. రెండో చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. నాకైతే అక్కడే గంతెయ్యాలనిపించింది!

గురువుగారు తన మంచినీళ్ళ చెంబు అతనికి అందించారు.

"మీ నాన్న వెనకాల సింగయ్య లేడురా, బాజీ" అన్నారు.