అష్టమినాడు చూసిన సముద్రం

అనగా అనగా సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. అక్కడ వరి పండదు, ఉప్పు పండుతుంది. ఆ రాజ్యాన్ని ధవళకేతుడనే రాజు ఏలేవాడు. చెడ్డవాడేం కాదు. తన కళ్ళతో చూడందే ఏదీ నమ్మేవాడు కాదు, అంతే. అది మంచి గుణమే కదా అంటారా? ఆగండి, చెబుతాను.

ఆ తీరంలో నూకమ్మ అనే అవ్వ ఉండేది. ఉప్పుమడుల పక్కన ఆమె ఇంటివాళ్ళు ఎప్పుడో పాతిన తాటిదుంగ ఒకటుండేది. ప్రతి అమావాస్యకీ, ప్రతి పౌర్ణమికీ పోటునీరు ఎంత ఎత్తుకి వస్తే అక్కడ దుంగమీద ఉలితో గంటు పెట్టేది. ఆమెకి ముందు ఆమె తల్లి పెట్టింది, అంతకుముందు అమ్మమ్మ. ఆ గంట్లు చూసుకునే జనం ఇసుకదిబ్బ మీద, ఎత్తున, గుడిసెలు వేసుకున్నారు.

దిబ్బకీ సముద్రానికీ మధ్య ఉన్న ఖాళీ నేలమీద రాజు కన్ను పడింది. అక్కడే నలభై ఇళ్ళు కట్టిస్తే మనుషులు మడుల దగ్గరే ఉంటారు, ఉప్పు రెట్టింపు తీయొచ్చు అనుకున్నాడు. మరి సముద్రం ఎంతదాకా వస్తుందో చూడాలిగా! రాజుగారికి తీరికెప్పుడు? అష్టమినాడు. ఆరోజు మంచి పనులేవీ మొదలుపెట్టరని కొలువుకి సెలవు. అందుకని అష్టమినాడు ఒడ్డుకి వచ్చి కూర్చున్నాడు.

పోటునీరు ఎక్కడో దూరంలోనే ఆగిపోయింది. రాజు అక్కడొక తెల్లరాయి పాతించాడు.

నూకమ్మ దండం పెట్టింది. "ఏలినవారూ, అష్టమినాడు సముద్రం నీరసంగా ఉంటుంది. పౌర్ణమినాడు వచ్చి చూడండి."

"పౌర్ణమినాడు నాకు పూజలుంటాయి" అన్నాడు రాజు.

మళ్ళీ అష్టమికి వచ్చాడు. నీరు రాయి దాటలేదు. ఈసారి నూకమ్మ తన కూతురు పైడమ్మని పిలిచి ఒక దుప్పటి తెప్పించింది. చెరో కొసా పట్టుకుని లాగారు. దుప్పటి బిగిసింది.

"చూశారా బాబూ! అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ, చంద్రుడూ, మన భూమీ ఒకే గీతమీద ఉంటారు. వాళ్ళిద్దరూ కలిసి నీటిని లాగుతారు. పోటు పెద్దదవుతుంది. అష్టమినాడు ఒకడు ఇటు లాగితే ఇంకొకడు పక్కకి లాగుతాడు. పోటు చిన్నదవుతుంది."

రాజు పకపకా నవ్వాడు. "చంద్రుడికి చేతులు కూడా ఉన్నాయా అవ్వా?"

మూడోసారీ వచ్చాడు. అదీ అష్టమే! నీరు రాయి దాటలేదు.

"మూడుసార్లు నా కళ్ళతో చూశాను, ఇంకేం కావాలి?" అని వారంలో ముగించేలా ఇళ్ళు మొదలుపెట్టించాడు. జనాన్ని భయపెడుతోందని ఆ తాటిదుంగని పీకించి, పైడమ్మ కొత్తింటికే దూలంగా వేయించాడు. ఆ వచ్చే పౌర్ణమి ఉదయం నలభై గృహప్రవేశాలకీ ముహూర్తం పెట్టించాడు. రానివాళ్ళకి ఉప్పుమడి ఉండదని చాటింపు వేయించాడు.

నూకమ్మ ఇంటింటికీ తిరిగింది. "ఈ నెల చంద్రుడు మరీ దగ్గరికొచ్చాడర్రా! తూర్పుగాలి కూడా లేచింది. దిగకండి, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

కొందరు విన్నారు. పైడమ్మకి తల్లి మాట మీద నమ్మకముంది. కానీ ఏం చేస్తుంది? "మడి పోతే తినేదేముందమ్మా? పిల్లని నువ్వుంచుకో. పాలు పొంగించేసి వచ్చేస్తాం" అని ఎనిమిది నెలల పసిదాన్ని తల్లి చేతుల్లో పెట్టి, మొగుడి వెంట దిబ్బ దిగి వెళ్ళిపోయింది.

పాలు పొంగలేదు. అంతకుముందే సముద్రం పొంగింది. తెల్లరాయిని దాటింది, మడులు దాటింది, పచ్చిగోడల్ని పడగొట్టి దిబ్బ దాకా వచ్చింది. నూకమ్మ పసిదాన్ని గుండెకి హత్తుకుని "పైడీ! పైడీ!" అని గొంతు పోయేదాకా అరిచింది. పందొమ్మిది మంది తిరిగి రాలేదు. పైడమ్మా రాలేదు, ఆమె మొగుడూ రాలేదు.

పూజలు ముగించుకుని రాజు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికి నీరు వెనక్కి పోయింది. తెల్లరాయి మళ్ళీ బయటపడింది. దిబ్బ అడుగున పగిలిన పాలకుండలు, వాటి పక్కన గంట్ల దుంగ పడున్నాయి.

"అవ్వా, నేను మూడుసార్లు చూశాను…" అన్నాడు రాజు.

ఆరోజు నూకమ్మ రాజుని 'మీరు' అనలేదు. "చూశావు. నీకు తీరికైన రోజు చూశావు. సముద్రానికి తీరికైన రోజు చూడలేదు" అంది.

దుంగని మునుపు ఉన్నచోటే మళ్ళీ పాతించింది. దిబ్బమీద నీటి జాడ ఉన్న ఎత్తుకి సమంగా దుంగమీద బొగ్గుతో గీత గీయించింది. రాజు చేతికి ఉలి ఇచ్చి, "పెట్టు గంటు" అంది.

గీత రాజుకి అందలేదు. ఆ తెల్లరాయినే పెకలించి తెచ్చి, దాని మీదికెక్కి గంటు పెట్టాడు. ఒక్కొక్క దెబ్బకీ ఏడ్చాడు. ఏడిస్తే పోయినవాళ్ళు వస్తారా?

ఆ తర్వాత దిబ్బ కింద ఎవరూ ఇల్లు కట్టలేదు. ప్రతి పౌర్ణమికీ రాజు పూజ మానుకుని ఒడ్డుకి వచ్చేవాడు. కొన్నేళ్ళకి పసిది పెద్దదై, గంట్లు తనే పెట్టేది. అన్నిటికన్నా పైనున్న గంటు దగ్గరికి వస్తే మాత్రం ఉలి కింద పెట్టి, ఆ తెల్లరాయి ఎక్కి కాసేపు చేత్తో తడిమేది.

అందుకే పిల్లలూ, మనకి కుదిరిన రోజున చూసి అంతా తెలిసిందనుకోకూడదు. అన్ని రోజులూ చూసినవాళ్ళ మాట వినాలి.