భీముడి సాక్ష్యం

ఒక ఊరి దొర దగ్గర పిల్లి అంత కుక్క ఉండేది. పేరు భీముడు. అది ఎవర్ని చూసి మొరిగితే వాడే దొంగని దొర నమ్మకం. అట్లా ఇద్దరికి చేతులు నరికించాడు.

ఒకరోజు దొర ఉంగరం పోయింది. భీముడు తను పడుకునే మెత్త మీంచి దూకి, గొర్రెలు కాసే బీరయ్య మీద ఎగిరెగిరి మొరిగింది. దొర కత్తి తెమ్మన్నాడు.

బీరయ్య భార్య కొమురవ్వ మొగుడి గొంగడి తీసి దొర ముందు పెట్టింది. "మీ కాళ్లు మొక్కుత దొరా, ఒక్కసారి ఇది కప్పుకోండి. మీ కుక్క తప్పు చెప్పదంటిరి గదా!"

అందరూ చూస్తున్నారు. దొర నవ్వుతూ కప్పుకున్నాడు. గొర్రె వాసన తగలగానే భీముడు దొర మీదికే దూకి మొరిగింది.

"ఇప్పుడు ఎవరి చేతులు నరకాలె దొరా?" అంది కొమురవ్వ.

దొర కత్తి వెనక్కి పంపించాడు. బీరయ్య రెండు చేతులా గొంగడి అందుకున్నాడు. వాకిట్లో నిలబడి చూస్తున్న, మునుపు భీముడు మొరిగిన ఆ ఇద్దరికీ కళ్లు తుడుచుకోడానికి చేతుల్లేవు.