కాశీలో వదిలేసిన వంకాయ

కడుపునొప్పి అని అన్నం దగ్గరికి రాకుండా పడుకున్నావు కదూ. సరేలే. ఏ కూర చేస్తే నీకు కడుపునొప్పి వస్తుందో నాకు తెలియదా? ఇటు తిరుగు. దుప్పటంతా నువ్వే లాక్కోకు, నా కాళ్ళు చల్లబడిపోతాయి. కథ చెబుతాను, ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, నా సంగతి నీకు తెలుసు.

అనగనగా ఒక ఊళ్ళో, కొండ కింద ఊళ్ళో, వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ విస్తళ్ళు కుట్టేది. సంతరోజున కొండమీంచి అడ్డాకుల మోపులు దిగేవి. ఆవిడ ఒక మోపు కొనుక్కుని, ఆకుల మీద నీళ్ళు చిలకరించి, అవి మెత్తబడ్డాక అరుగు మీద కూర్చుని సన్నటి వెదురుపుల్లలతో కుట్టేది. ఆ తర్వాత వాటిమీద రాయి పెట్టి అణిచేది. పెళ్ళయినా, పేరంటమైనా, చావు భోజనమైనా ఆ ఊళ్ళో ఆవిడ విస్తట్లోనే అన్నం పడాలి.

ఊరంతా ఆవిడ కుట్టిన ఆకుల్లో పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళు. ఆవిడ మాత్రం ఒక్కతే తినేది. మొగుడు పెళ్ళయిన కొత్తలోనే పోయాడు. పిల్లల్లేరు. ఒక్క చెల్లెలుంటే అదెక్కడో దూరాన ఉంది. పొద్దున్న వండిందే సాయంత్రమూ తినేది. ఒక్క మనిషికి రెండుసార్లు పొయ్యెందుకు అనుకునేది.

గోడకి కాశీ విశ్వేశ్వరుడి పటం ఉండేది. కంచం ముందు పెట్టుకుని ఆ పటంతో మాట్లాడుకుంటూ తినేది. దేవుడు వింటాడమ్మా, కాదనను. కానీ దేవుడు "ఇంకొంచెం వేసుకో" అనడు కదా.

ఇంకో సంగతి. వరహాలమ్మకి వంకాయ నచ్చదు. ఆ జారుడూ, ఆ గింజలూ తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించేది. నాకు వంకాయంటే ప్రాణం, ఈ మాట చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. చిన్నప్పుడు నచ్చదంటే అమ్మ మొట్టికాయ వేసింది. కాపురానికి వెళ్ళి నచ్చదంటే అత్త నవ్వింది. బంతిలో కూర్చుని నచ్చదంటే వడ్డించేవాడు ఇంకో గరిటె వేశాడు. వంకాయ వద్దనే మనిషి కూడా ఉంటుందా అని వాడి ధైర్యం.

అప్పుడు ఒక పెళ్ళిలో, కాశీకి వెళ్ళొచ్చిన పెద్దావిడొకావిడ వరహాలమ్మ పక్కన కూర్చుంది. కాశీకి వెళితే గంగలో మూడింటిని వదిలేసి రావాలి, మన ఆచారం. ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు. వదిలాక కాయా పండూ ఈ జన్మలో మళ్ళీ తినకూడదు, ఆకైతే అందులో అన్నం తినకూడదు. ఇష్టమైనవే వదలాలి సుమా. మనవాళ్ళు గడుసువాళ్ళు, కాకరకాయ వదిలి చేతులు దులుపుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారనుకో. ఆ పెద్దావిడ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, "కాశీలో వదిలేశాను నాయనా" అంది. అంతే. గరిటె మారుమాట్లాడకుండా ముందుకెళ్ళిపోయింది.

వరహాలమ్మ అది చూసింది. మనసులో పెట్టుకుంది.

ఆ తర్వాత చెల్లెలికి పురుడని వెళ్ళి, చాన్నాళ్ళు అక్కడే ఉండి వచ్చింది. ఎక్కడికెళ్ళావని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. "విస్తళ్ళు దొరక్క ఇబ్బంది పడ్డామమ్మా" అన్నారంతే. ఆవిడకి ఏడుపొచ్చింది. రాదూ మరి?

ఆవిడ లేనప్పుడు పక్కింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. రామతులసి అనే అమ్మాయి, ఆమె మొగుడు, మంచం పట్టిన ముసలత్త నరసమ్మ. వరహాలమ్మ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య ఒకటే గోడ. వరహాలమ్మ తిరిగొచ్చాక రామతులసి పలకరిద్దామని గిన్నెతో వచ్చింది. వాళ్ళ వైపు అక్కని అప్పా అంటారు.

"ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావప్పా? వచ్చిన కాణ్ణించీ తాళమే చూస్తన్నాం. ఇదిగో, గుత్తొంకాయ. మా అత్తకి పేణం గానీ, ఈ రోగంలో పెట్టకూడదన్నారు. నువ్వు తిను."

ఎక్కడికెళ్ళావని అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. చేతిలో చూస్తే వంకాయ. నచ్చదంటే ఈ పిల్లా నవ్వుతుందేమో, మళ్ళీ రాదేమో అని వరహాలమ్మకి భయం వేసింది. ఆ భయంలో నోరు జారింది.

"వంకాయ కాశీలో వదిలీసేనమ్మా."

రామతులసి గిన్నె కిందపెట్టి, ఆవిడ కాళ్ళకి దండం పెట్టింది. గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఇంకెప్పుడూ కూర తేలేదు. కాశీ వెళ్ళొచ్చిన మనిషికి ఏది పనికొస్తుందో ఏది రాదో, తప్పు జరిగితే పాపం మనకి చుట్టుకుంటుందని ఆ పిల్ల భయం ఆ పిల్లది.

ఊరంతా తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ కనబడనిది కాశీకి వెళ్ళిందన్నమాట అనుకున్నారు. ఆ తర్వాత ఒక పిల్లల తల్లి వచ్చి, "కాయ వంకాయ. మరి పండేటి వదిలేవప్పా?" అని అడిగింది. నిజంలా ఉండాలి కదా, ఇష్టమైనదే చెప్పాలి కదా. వరహాలమ్మ సీతాఫలం అని చెప్పేసింది. ఆవిడకి సీతాఫలమంటే అంత పిచ్చి. వీధి పిల్లలు కొండమీంచి సీతాఫలాలు కోసుకొచ్చి, ఆవిడ అరుగు మీదే విప్పుకుని, ఆవిడకో పండు పెట్టి, గింజలు ఎవరు దూరం ఊస్తారా అని పందెం వేసుకునేవాళ్ళు. ఇప్పుడు తల్లులు కసిరారు. "ఆవిడ ముందర తినకండర్రా, నియమం." అరుగు ఖాళీ అయిపోయింది. తుడవడానికి ఒక్క గింజ కూడా లేదు.

ఆ తర్వాత ఒక పెద్దమనిషి కూతురి పెళ్ళికి విస్తళ్ళు చెప్పడానికి వచ్చాడు. "నువ్వూ భోజనానికి రావాలమ్మా" అని, పోతూ పోతూ, "మరి ఆకేం వదిలావు?" అన్నాడు. ఆవిడ చేతిలో అడ్డాకు, ఆకులో సగం గుచ్చిన పుల్ల. గోంగూర అనొచ్చు. తోటకూర అనొచ్చు. కంగారులో కళ్ళెదుట ఉన్నదే చెప్పింది. "ఈ ఆకే బాబూ."

ఆయన రెండు చేతులూ జోడించాడు. "కూడు పెట్టే ఆకునే వదిలేశావా తల్లీ! మరి నిన్ను బంతిలో ఎలా కూర్చోబెట్టను? స్వయంపాకం పంపిస్తాలే."

స్వయంపాకం అంటే తెలుసా? బియ్యం, పప్పు, ఉప్పు, కూరగాయ, అన్నీ పచ్చివే పళ్ళెంలో పెట్టి ఇస్తారు. నువ్వే వండుకుని తినమని. పెద్దవాళ్ళకి చేసే మర్యాద అది. ఇక ఆ ఊళ్ళో ఏ ఇంట్లో భోజనాలైనా వరహాలమ్మ గుమ్మంలోకి ఆ పళ్ళెం వచ్చేది. పళ్ళెం తెచ్చినవాళ్ళు దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అటు బంతిలో నవ్వులు వినబడుతుంటే ఆవిడ ఇటు ఒక్కతే ఎసరు పెట్టుకునేది.

అబద్ధమాడితే అతికినట్టుండాలి అంటారు. అతికిందమ్మా. మరీ గట్టిగా అతికింది.

అప్పుడు ఆవిడ కంచం ముందు పెట్టుకుని పటానికి చెప్పుకునేది. "సామీ, నీ కాశీ చూడకుండానే నీ పేరు వాడీసుకున్నాను. అందరూ దండాలెడతన్నారు. కూటికి ఒక్కరూ పిలవట్లేదు. ఇదేనా నువ్వేసిన శిక్ష?" దేవుడికింత శిక్ష వేసే తీరికెక్కడిది? అది ఆవిడ చేతులారా కుట్టుకున్నదే.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం రామతులసి ఏడుపు మొహంతో వచ్చింది. "అప్పా, మా అత్తకి బాగోలేదు. గొంతులో చుక్క గంగ పొయ్యమంటంది. కాశీ నుంచి చెంబు తెచ్చే ఉంటావు కదా?"

కాశీ వెళ్ళినవాళ్ళు గంగనీళ్ళు రాగిచెంబులో మూతపెట్టి తెస్తారు. వరహాలమ్మ దగ్గర చెంబు ఉంది. గంగ లేదు. అప్పుడు బావి దగ్గరికెళ్ళి చెంబు నింపింది. ఎవరికి తెలుస్తుంది, నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి అనుకుంది. చెంబు పట్టుకుని పక్కింటి గుమ్మం దాటింది. మంచం దగ్గరికెళ్ళేసరికి చెంబు తొణికింది. నరసమ్మ నోరు తెరిచేసరికి ఇంక ఆవిడ వల్ల కాలేదు. కూరగాయ మీద ఆడిన అబద్ధం వేరు, పోయే ప్రాణం మీద ఆడే అబద్ధం వేరు.

"పెద్దమ్మా, ఇవి బావినీళ్ళు. నేను కాశీ ఎల్లలేదు. నాకు వంకాయ నచ్చదు, అంతే."

నరసమ్మ కళ్ళు తెరిచి చూసింది. "తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఈ గోడకానుకునే గదా నా మంచం ఉంది. కూడు తింటూ సామితో నువ్వు చెప్పుకున్నదంతా ఇంటన్నాను."

"మరి గంగెందుకు అడిగేవు?"

"కూటికి రమ్మంటే నువ్వొస్తావా? ఇంకేటని పిలవను?" అంది నరసమ్మ. "నాకూ ఒక్కదానికే కంచం ఇక్కడెట్టి ఎల్లిపోతారు. రోగిష్టి మంచం కాడ ఎవలు కూకుంటారు? అటు నువ్వు, ఇటు నేను, మజ్జిని గోడ. ఆ నీళ్ళు పొయ్యి, దాహమేస్తంది. ఆ తర్వాత కోడలికి నువ్వే చెప్పు, నేను చెప్పను."

వరహాలమ్మ చెప్పింది. రామతులసి మొహం ఎర్రబడింది. "నచ్చదంటే నేనేటి కొడతానా? ఆనపకాయ వండి తెచ్చుందును కదా! నా చేత కాళ్ళకి దండమెట్టించుకున్నావు" అని లోపలికెళ్ళిపోయింది. ఆ పిల్లకి కోపం కన్నా బాధే ఎక్కువ. కానీ అత్త కేక వేస్తే వచ్చి, మంచం పక్కన విస్తరి వేసింది. ఆ రోజు ఆ ఇంట్లో ఏం కూరో నువ్వే చెప్పు. ఆఁ, అదే.

రామతులసి కావాలనే వడ్డించిందో, అలవాటు కొద్దీ వడ్డించిందో గానీ, విస్తట్లో వంకాయ పడింది. నరసమ్మ మంచం మీంచి చెయ్యి చాపింది. "నీకక్కర్లేదు గదా. ఇటు పడెయ్." వరహాలమ్మ కోడలి వైపు చూసింది. కోడలు గోడ వైపు చూసింది. వంకాయ ముక్క మంచం మీదకి వెళ్ళిపోయింది. ఆ ముసలిదాని మొహం చూడాలి అప్పుడు!

అలా కొన్నాళ్ళు రోజూ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తిన్నారు. "ఇంకొంచెం వేసుకోయే" అనేది నరసమ్మ. ఆ మాటకి వరహాలమ్మకి నిజంగానే ఆకలి వేసేది.

ఊరు ఊరుకుంటుందా? నవ్వింది. కాశీ వరహాలమ్మ అని పేరు పెట్టింది. దండాలు ఆగిపోయాయి, స్వయంపాకాలూ ఆగిపోయాయి. అలాగని బంతికీ ఎవరూ పిలవలేదు. రామతులసి విస్తరి వేసేది గానీ మాట్లాడేది కాదు.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున నరసమ్మ పోయింది. వయసైపోయిందమ్మా. పోతారు. నువ్వు ఇప్పుడే ఏడవకు, కథ ఇంకా ఉంది.

దినం భోజనాలకి వరహాలమ్మే విస్తళ్ళు కుట్టింది. నరసమ్మ కొడుకు వచ్చి కట్టలు తీసుకెళ్ళాడు, రమ్మని అనలేదు. ఆవిడ తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంది. గోడ అవతల ఆకులు పరిచిన చప్పుడు, నీళ్ళు చిలకరించిన చప్పుడు. మంచం చప్పుడు మాత్రం లేదు. పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. పటంతో మాట్లాడబుద్ధి కాలేదు. ఇంత ఒంటరితనం మొగుడు పోయినప్పుడు కూడా ఆవిడకి తెలియలేదు.

అప్పుడు తలుపు తోసుకుని రామతులసి వచ్చింది. "అప్పా, ఆకేసీసేం. నీ కోసం బంతి ఆగిపోయుంది. రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

పోయినవాళ్ళకి ఇష్టమైన వంట ఆ రోజు వండాలి. వంకాయే వండారు. వడ్డించే అతను గరిటె ఎత్తి వరహాలమ్మ దగ్గరికొచ్చాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టలేదు. అప్పుడు ఆ చివర్నుంచి రామతులసి అందరూ వినేలా అంది.

"ఆవిడకి వెయ్యకు. ఆవిడకి నచ్చదు."

ఎవరూ నవ్వలేదు. గరిటె ముందుకెళ్ళిపోయింది. ఆ చిన్న మాట వినడానికి ఒక జీవితమంతా పట్టింది చూడు ఆవిడకి!

కానీ వరహాలమ్మ అతన్ని వెనక్కి పిలిచింది. "ఒక్క ముక్క వెయ్యి బాబూ" అని విస్తరి అంచున వేయించుకుంది. అన్నం తింటున్నంతసేపూ అది అక్కడే ఉంది. ఇటు పడెయ్ అనే మనిషి లేదు. ఆఖరికి తనే తీసి నోట్లో పెట్టుకుంది. బాగుందా అంటావేమో. ఏం బాగోలేదు. ఎప్పటిలాగే జారుడుగా, గింజలు గింజలుగా ఉంది. కళ్ళ నీళ్ళతో మొత్తం మింగేసింది.

అయిపోయింది. రేపు కూడా వంకాయే, తోటలో విరగ కాసింది మరి. నచ్చదని చెప్పు. కడుపునొప్పి అని చెప్పకు. వచ్చి నా పక్కన కూర్చో. నీ ముక్కలన్నీ ఇటు పడెయ్, నేను తింటాను. నేనూ ఎన్నాళ్ళుంటానులే.

కథేమో కంచికి,
చెంబేమో అటకకి,
వరహాలమ్మ బంతికి,
వంకాయ నా కంచానికి,
నిదరేమో నీ కంటికి,
ఇద్దరం మన ఇంటికి.