గడి తప్పిన పేర్లు

ఇలియాస్ గీసిన బొమ్మలో ఊళ్ల పేర్లు ఒక వరుస పైకి జరిగిపోయాయి.

కొండమీద ఖాన్‌ఖాలో, అంటే సూఫీల ఆశ్రమంలో, గురువు హజరత్ దగ్గర శిష్యుడిగా చేరకముందు వాడు కంప్యూటర్ చదువు చదివాడు. చుట్టుపక్కల ఊళ్ల బావుల్లో నీళ్లెంత ఉన్నాయో నెలనెలా కొలిచి, ఆ అంకెలతో గళ్ల బొమ్మ గీశాడు. అడ్డవరుసకో ఊరు, నిలువువరుసకో నెల. నీళ్లుంటే నీలం, ఎండితే ఎరుపు. అబ్బో, సాయంత్రపు వెలుగులో ఆ రంగులు చూస్తుంటే కళ్లు తిప్పుకోబుద్ధయ్యేది కాదు! ఎర్రగా ఉన్న ఊళ్లకు తెల్లారి నీళ్ల ట్యాంకర్లు వెళ్లాలి.

"అన్నిటికంటే పైనుండాల్సిన ఊరి పేరేది నాయనా?" అన్నారు హజరత్.

"మాయమైంది హజరత్. రెండో పేరొచ్చి మొదటి వరుసలో కూచుంది. ఈ బొమ్మలు గీసే ప్రోగ్రాంతో ఎప్పుడూ ఇదే తంటా. అంకెల్లో మాత్రం ఒక్క తప్పు లేదు. డ్రైవర్లకు పంపేశాను కూడా. పేర్లదేముంది, తర్వాత సర్దుతాలెండి."

హజరత్ నమాజుకు లేచారు.

పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక అందరూ భోజనాలకు కూర్చున్నారు. అక్కడ ఎవరి చోటు వాళ్లదే, ఎవరి గిన్నె వాళ్లదే. ఎవరి ఒంటికి పడేది వాళ్లకు వండి పెడుతుంది బీబమ్మ. తలుపు పక్కన మొదటి చోటు ఇలియాస్‌ది.

"అందరూ తలుపు వైపు ఒక్కో చోటు జరగండి. గిన్నెలు కదపొద్దు" అన్నారు హజరత్.

జరిగారు. ఇలియాస్ గడప బయట పడ్డాడు. మసకచీకట్లో నిలబడి లోపలికి చూశాడు. దీపం వెలుగులో అంతా కలలోలా ఉంది. వాడు లేడన్న సంగతి ఎవరికీ పట్టలేదు. పళ్లులేని ఖాదర్ తాత ముందు వేయించిన శనగలున్నాయి. చక్కెర జబ్బున్న నరసప్ప ముందు పాయసం! ఆయన అప్పుడే గిన్నె అందుకోబోతున్నాడు.

"అయ్యయ్యో, తాగొద్దు మామా!" అని అరిచాడు ఇలియాస్.

హజరత్ చెయ్యి అప్పటికే ఆ గిన్నె మీద ఉంది.

"వంటలో ఒక్క తప్పు లేదు కదా నాయనా" అన్నారాయన.

ఇలియాస్‌కు తన బొమ్మా, తెల్లారి తప్పు ఊళ్లకు పోబోయే ట్యాంకర్లూ కళ్లముందు మెదిలాయి. కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాడు. వెతికితే దొరికింది. మొదటి పేరు ఎక్కడికీ పోలేదు. మొదటి గడికి ముందు, బొమ్మకు బయట, ఎవరికీ కనపడని గీత ఒకటి ఉంది. ఆ పేరు దాన్ని పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి లాగాడు.

గుర్రాలదిన్నె. ఆ వరుస ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్రగా ఉంది.

డ్రైవర్లకు ఫోన్ చేసి తిరిగొచ్చేసరికి ఎవరి చోట్లో వాళ్లు తింటున్నారు. మొదటి చోట్లో వాడి గిన్నె అలాగే ఉంది. పక్కన చెంబుతో నీళ్లు పెట్టారు హజరత్.

వాడు ముద్ద ముట్టలేదు. చెంబును రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు ఆ నీళ్లవంకే చూస్తూ కూర్చున్నాడు.