మిరపపండు గళ్ళ చీర

మా వేదాద్రి డాక్టరుగారికి ఒక అలవాటు ఉండేది. రోగి వచ్చి కూర్చోగానే నాడి పట్టుకునేవారు కాదు, నాలుక చూపించమనేవారు కాదు. "ఏం పని చేస్తావు?" అని అడిగేవారు. ఒళ్ళు కాలిపోతూ వచ్చినవాణ్ణి పట్టుకుని ఇదేం ప్రశ్న అని నాకు ఒళ్ళు మండేది. నేను సలోమిని, ఆయన దగ్గర నర్సుని. చీరాల పక్కన మా నేతపేటలో ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలోనే నా వయసంతా గడిచింది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. ఆ గుమ్మం ముందు నుంచి పోతుంటే నాకు ఇప్పటికీ స్పిరిటు వాసన వచ్చినట్టే ఉంటుంది. ఆ మాటంటే కొట్టువాడు నవ్వుతాడు.

ఆ రోజుల్లో మందంటే జనానికి భయమూ ఉండేది, భక్తీ ఉండేది. ఇప్పుడు జలుబు చేస్తే చాలు, పిప్పరమెంట్లు కొన్నట్టు యాంటీబయాటిక్‌లు కొనుక్కోవడం, జ్వరం జారగానే మిగిలినవి అలమరలో పడెయ్యడం. ఇదేమిట్రా అని మా మనవణ్ణి అడిగితే "ఫోన్లో చూశాలే అమ్మమ్మా" అంటాడు. వాడితో వాదించే ఓపిక నాకు లేదు. డాక్టరుగారైతే అసలు వాదించేవారే కాదు. ఎవరేమడిగినా జరిగిన సంగతి ఒకటి ముందు పెట్టి ఊరుకునేవారు. అందులో ఇదొకటి.

మృదుల అని, అప్పుడే చదువు ముగించిన డాక్టరమ్మ, ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. మంచి పిల్ల. కాకపోతే పుస్తకం ఇంకా తలకెక్కి కూర్చునే ఉంది. ఒక మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక ఆయన బల్ల ముందుకొచ్చి నిలబడింది. మొహం వాడిపోయి ఉంది.

"సార్, నాగూర్‌వలి అని క్షయ రోగి వచ్చాడు కదా. మందులు ఇస్తూ వాటివల్ల రాగల ప్రమాదాలన్నీ చెప్పాను. కాలేయం దెబ్బతినొచ్చని, చూపు పోవచ్చని, కీళ్ళు పట్టెయ్యొచ్చని. అంతే, మళ్ళీ రాలేదు. ఇచ్చిన మందులు కూడా ముట్టుకోలేదట. చెప్పకపోయి ఉంటే వేసుకునేవాడు, బాగుపడేవాడు. అలాంటప్పుడు చెప్పడం తప్పు కాదా సార్?"

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "సలోమీ, ఆ చీర ఇలా తీసుకురామ్మా" అన్నారు.

ఏ చీరో నాకు తెలుసు. మందుల బీరువా పై అరలో, తెల్లగుడ్డలో చుట్టి, కలరా ఉండలు వేసి దాచిన చీర. తెచ్చి బల్ల మీద పరిచాను. మా పేటలో నేసే గళ్ళ చీర అది. నిలువునా ఎర్ర చార, ఆకుపచ్చ చార, అడ్డంగా మళ్ళీ అవే చారలు, కలిసిన చోటల్లా గడి. సగం దాకా చీర కళ్ళకద్దుకునేలా ఉంది. అక్కణ్ణుంచి అడ్డచారలు గతి తప్పాయి. ఎరుపు రావలసిన చోట ఆకుపచ్చ వచ్చింది, ఆకుపచ్చ రావలసిన చోట ఎరుపు వచ్చింది, ఒక్కోచోట వరసగా ఒకటే రంగు పడింది.

"తాగి నేశాడా సార్?" అంది మృదుల.

"లేదమ్మా. నేను రాసిచ్చిన మందు వేసుకుని నేశాడు" అన్నారాయన.

ఆ నేసినతని పేరు మార్కండేయులు. పేటలో రంగు మాట వస్తే చివరి మాట అతనిదే. "ఇది మిరపపండు ఎరుపు, అది దానిమ్మగింజ ఎరుపు" అని వీధిలోంచే విడదీసి చెప్పేవాడు. అద్దకంవాళ్ళు కూడా నూలు అతనికి చూపించి గానీ ఆరేసేవాళ్ళు కాదు. అలాంటివాడికి క్షయ పట్టుకుంది. అంతకుముందే అతని అన్న అదే జబ్బు చేసి, కాస్త నెమ్మదించగానే మందులు మానేసి, చేతులారా ప్రాణం మీదికి తెచ్చుకుని పోయాడు. అందుకని డాక్టరుగారు మార్కండేయులికి గట్టిగానే చెప్పారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"ఒక్క పూట కూడా మానకూడదు. మూత్రం ఎర్రగా వస్తుంది, హడలిపోకు, అది మందు రంగే. కళ్ళు పచ్చబడినా, అన్నం సయించకపోయినా వచ్చి కనబడు. చూపు మందగిస్తే మాత్రం ఆ రోజే పరుగెత్తుకురా" అన్నారు. ఏదీ దాచలేదు. మార్కండేయులు బుద్ధిగా తలూపాడు. అతని భార్య నాంచారమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెను లోపలికి పిలవాలని మాలో ఎవరికీ తోచలేదు.

మందులు బాగా పనిచేశాయి. దగ్గు తగ్గింది, బుగ్గలు పూడాయి. వచ్చినప్పుడల్లా డాక్టరుగారు "చూపెలా ఉంది?" అని అడిగేవారు. "లక్షణంగా ఉందండీ. మొన్న సూదిలో దారం కూడా నేనే ఎక్కించాను" అనేవాడు. అబద్ధం కాదు, నిజంగానే ఎక్కించేవాడు.

డాక్టరుగారి భార్య జానకమ్మగారు మిరపపండు గళ్ళ చీర ఒకటి కావాలని ఎప్పుడో అతన్ని అడిగి ఉన్నారు. ఒంట్లో కాస్త ఓపిక రాగానే మార్కండేయులు ఆ చీరకే మగ్గమెక్కాడు. ఒక ఉదయం దాన్ని చంకన పెట్టుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చాడు. ఆసుపత్రి వెనకే డాక్టరుగారి ఇల్లు, కబురు పెడితే జానకమ్మగారూ వచ్చారు. ఇదే బల్ల మీద చీర పరిచాడు.

"అమ్మగారూ, ఇదుగోండి మీరడిగిన మిరపపండు. పేటంతా గాలించినా ఈ ఎరుపు దొరకదు" అన్నాడు.

జానకమ్మగారు చీర చూశారు, నన్ను చూశారు. నాకు నవ్వు రాబోయి డాక్టరుగారి మొహం చూశాక ఆగిపోయింది. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి చీర రెండో సగం అతని ముందుకు జరిపారు.

"మార్కండేయులూ, ఎర్ర గడి మీద వేలు పెట్టి అమ్మగారికి చూపించు."

అతను క్షణం కూడా తడుముకోకుండా వేలు పెట్టాడు. అది ముదురాకుపచ్చ గడి.

జానకమ్మగారు గబుక్కున డాక్టరుగారి వంక తిరిగారు. ఎందుకో అతనికి బోధపడలేదు. "ఈమధ్య రంగుల్లో పస తగ్గిందండీ, అంతా కల్తీయే. ఎరుపుకి కాస్త మట్టి కొట్టినట్టుంటోంది" అన్నాడు. అప్పుడే నాంచారమ్మ గుమ్మంలోకి వచ్చింది. చెల్లెలి పురుడుకని ఒంగోలు వెళ్ళి, బస్సు దిగి, ఇంటికి తాళం ఉంటే చేతిసంచితో సరాసరి ఇటే వచ్చింది. బల్ల మీద చీరనూ దాని మీద మొగుడి వేలునూ చూసి అక్కడే గడప మీద కూలబడింది.

"ఆయన్నేమీ అనకండి డాక్టరుగారూ. ఇదంతా నేను చేసిందే" అంది.

ఆమె చెప్పింది ఇది. మొగుడు రంగులు తడబడుతున్నాడని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. మొదట ఒక చీర అలాగే తప్పు పడితే, కొనే షావుకారు "కొత్త రకంగా ఉందే, ఇలాంటివే ఇంకో రెండు వెయ్యి" అని మెచ్చుకున్నాడు. దాంతో మార్కండేయులు తన కంటిని అనుమానించనే లేదు. ఆమె మాత్రం ఆ మెప్పుని నమ్మలేదు. అడ్డదారం చుట్టే కండెలు చుట్టి ఇచ్చేది ఆమే. అప్పట్నుంచి ఎర్ర కండెలు ఇత్తడి గిన్నెలో వేసి కుడి పక్కన, ఆకుపచ్చవి సత్తుగిన్నెలో వేసి ఎడమ పక్కన పెట్టడం మొదలుపెట్టింది. "వెతుక్కోనక్కర్లేకుండా చేతికి అందుతాయి" అని అతనికి సర్దిచెప్పింది. అతను గిన్నెని బట్టి తీసుకుంటున్నాడు, రంగుని బట్టి కాదు. ఆ సంగతి అతనికీ తెలియదు. ఆమె ఒంగోలు వెళ్ళాక పక్కింటావిడ కండెలు చుట్టి, అన్నీ కలిపి ఒకే బుట్టలో పోసి ఇచ్చింది.

మార్కండేయులు భార్య వంక అలా చూస్తూనే ఉండిపోయాడు. చీర మీంచి వేలు తీయడం కూడా మరిచిపోయాడు.

"చూపు మందగిస్తే పరుగెత్తుకు రమ్మన్నాను కదమ్మా" అన్నారు డాక్టరుగారు.

"నాతో ఎవరూ ఏమీ అనలేదయ్యా. ఒక్క పూట మానినా అన్నలాగే పోతానన్నారని ఇంటికొచ్చి ఆయన చెప్పాడు, నాకు తెలిసిందల్లా అదే. ఇక్కడికొచ్చి ఈ మాట చెబితే మందు ఆపేస్తారు. మందు ఆపే కదా మా బావగారు పోయారు. కళ్ళు పోతే నేను చెయ్యి పట్టుకుని తిప్పుకుంటాను. మనిషే పోతే ఎవరి చెయ్యి పట్టుకోను?" అంది నాంచారమ్మ.

నాకు ఏడుపొచ్చింది. జానకమ్మగారు ఆమె పక్కనే గడప మీద కూర్చుండిపోయారు.

ఆ మందుల్లో ఇథాంబుటాల్ అనే బిళ్ళ ఒకటుంది. కొందరికి అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. చూపు మసకబారక ముందే ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా చెరిగిపోవచ్చు. డాక్టరుగారు ఆ ఒక్క బిళ్ళా అప్పటికప్పుడే ఆపి, మిగతావి ఎలా వాడాలో నాంచారమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పి, మధ్యాహ్నం బస్సుకే ఇద్దర్నీ గుంటూరులో కంటి డాక్టరు దగ్గరకు పంపారు. మూత్రంలో ఎరుపు కనబడిందని పేటలో ఈ మందులు వాడేవాళ్ళలో సగంమంది లబోదిబోమని పరుగెత్తుకొచ్చేవాళ్ళు, దానివల్ల ఏ భయమూ లేదు. మగ్గం మీద ఎరుపు పోతే ఒక్కరూ రాలేదు. ఆ సాయంత్రం ఆయన నాతో ఈ మాటే అన్నారు.

మార్కండేయులి జబ్బు పూర్తిగా నయమైంది. రంగులు మాత్రం నెలల తరబడి బతిమాలించుకుని వచ్చాయి. "వచ్చాయి సిస్టరమ్మా, కానీ దానిమ్మకీ మిరపపండుకీ తగువు వస్తే తీర్చలేకపోతున్నా" అనేవాడు నవ్వుతూ. మందు ఇంకొన్నాళ్ళు అలాగే సాగి ఉంటే ఆ పాటి కూడా దక్కేది కాదని గుంటూరు డాక్టరు అన్నాడట. తప్పు చీర విప్పేసి మళ్ళీ నేసిస్తానని అతను ఎంత బతిమాలినా జానకమ్మగారు ఇవ్వలేదు. ఏటా క్రిస్మస్‌కి మా ఇంటికి కేకు తినడానికి ఆ చీరే కట్టుకొచ్చేవారు. వీధిలో వాళ్ళు వింతగా చూస్తే "మా మార్కండేయులు నేశాడు" అనేవారు, అంతకంటే ఏమీ చెప్పేవారు కాదు. ఆవిడ పోయాక చీర మందుల బీరువాలోకి వచ్చింది.

ఇదంతా విన్నాక మృదుల ఆ చీర రెండో సగం మీద చెయ్యి వేసి కూర్చుంది. "అయితే చెప్పాలంటారా సార్, వద్దంటారా?" అంది.

"నాగూర్‌వలి ఏం పని చేస్తాడు?" అన్నారు డాక్టరుగారు.

"అడగలేదు సార్."

ఆయన కళ్ళజోడు జేబులో పెట్టుకుని భోజనానికి లేచారు.

ఆ సాయంత్రం మృదుల నన్ను తోడు తీసుకుని రైలుగేటు అవతల నాగూర్‌వలి ఇంటికి వెళ్ళింది. అతను వాకిట్లో మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు. మమ్మల్ని చూసి మొహమాటపడ్డాడు.

"ఏమనుకోకండమ్మా. మీరు చెప్పిందంతా విన్నాక దగ్గుతో పోవడమే నయమనిపించింది. కాలేయం పోయి, కళ్ళు పోయి, కీళ్ళు పోయి, ఇంక నేను బతికి బాగుపడేదేముంది?" అన్నాడు.

మృదుల నొచ్చుకోలేదు. మంచం పట్టె మీద కూర్చుని "ఏం పని చేస్తావు నాగూర్‌వలీ?" అని అడిగింది. ఆ అడగడంలో అచ్చం డాక్టరుగారి గొంతే వినబడింది నాకు.

"లారీ నడుపుతానమ్మా."

"ముందు పోయే బండి బ్రేకు వేస్తే వెనక దీపం ఏ రంగులో కనబడుతుంది?"

"ఎర్రగా."

"ఆ ఎరుపు ఎప్పుడైనా వెలిసినట్టు కనబడితే బండి పక్కకి తీసి ఆపి, అక్కణ్ణుంచే నాకు కబురు చెయ్యి. పొద్దున అద్దంలో కళ్ళు పచ్చగా కనబడినా, దాబాలో టీ కూడా వెగటనిపించినా అంతే. ఇవి అందరికీ వచ్చేవి కావు, వస్తే ఎలా పట్టుకోవాలో చెబుతున్నాను. నీ అంతట నువ్వు ఏదీ మానకు. ఆపాల్సిన బిళ్ళ ఏదో చూసి నేను ఆపుతాను. మందు లేకపోతే మాత్రం ఈ జబ్బు నిన్ను స్టీరింగు దగ్గర కూర్చోనివ్వదు."

నాగూర్‌వలి దిండు కింద నుంచి మందుల పొట్లం తీశాడు. "ఇంతేనా అమ్మా? ఇవైతే నాకు తెలిసిపోతాయిగా" అన్నాడు. అతని భార్య పరదా పక్కన నిలబడి వింటోంది. టీ గ్లాసులు మా చేతికిచ్చి, ఏదో అడగబోయి, ఆగి, లోపలికి వెళ్ళిపోయింది. మేము చూస్తుండగానే అతను మొదటి మోతాదు వేసుకున్నాడు. తిరుగుదారి పొడుగునా మృదుల కాళ్ళు సంతోషంతో నేలకి ఆనలేదు.

మర్నాడు పొద్దున్నే డాక్టరుగారికి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. బ్రేకు దీపం దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. బల్ల మీది చీరని మడతలు పెడుతూ విన్నారు.

"బాగుందమ్మా" అన్నారు. "టీ ఏమైనా ఇచ్చారా?"

"ఇచ్చారు సార్. వాళ్ళావిడ పెట్టి ఇచ్చింది."

ఆయన చీర తెల్లగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు.

"ఆ ఇంట్లో గిన్నెలు సర్దేది ఆవిడేగా. ఆవిడకి చెప్పావా?"