బావగారు తిప్పిన మర

జమీందారు జగ్గరాజు తుపాకీకి గురి చూసే దుర్భిణి బిగించుకున్నాడు. దాని గురి సరిచేసే మర ఎన్నిసార్లు తిప్పినా తూటా పక్కకే పోతోంది. అవతల తనతో పోటీగా కాల్చే బావగారి తూటా తగిలి, గురిగా పెట్టిన కంచుపళ్లెం ఖంగుమన్నప్పుడల్లా ఆయనకు ఒళ్లు మండిపోయేది.

కమ్మరి పైడయ్యను పిలిపించి, "సాయంత్రంలోగా బాగుచెయ్యకపోతే నీ కొలిమి ఆర్పిస్తా!" అన్నాడు.

పైడయ్య దొర కాల్చడం కాసేపు గమనించాడు. తర్వాత తుపాకీని ఇసకబస్తా మీద ఆనించి, గురి సరిచేసి, దొరను చెవుల్లో దూది పెట్టుకుని కాల్చమన్నాడు.

దొర కాల్చిన మూడు తూటాలూ పళ్లేనికే తగిలాయి.

దొర దూది పీకేసి, "మర పాడైందా?" అన్నాడు.

"మర బంగారంలా ఉంది దొరా. బావగారి పళ్లెం మోగినప్పుడల్లా మీ చెయ్యి మర మీదికి పోతోంది. ఇన్నాళ్లూ దాన్ని తిప్పింది ఆయనే!"